మెచ్చుకోళ్ళు చాలు, హక్కుల మాట చెప్పండి

2025లో అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఉత్తమ మహిళా క్రీడాకారిణి అవార్డును గుగులోత్ సౌమ్యకు ఇచ్చింది. సౌమ్య నిజామాబాద్ జిల్లా కిసాన్‌నగర్ తండాలో పుట్టిన లంబాడీ అమ్మాయి. అంతకు రెండేళ్ళ ముందు, 2023 జులైలో, అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లి నుంచి వెళ్ళిన బారెడ్డి అనూష భారత క్రికెట్ జట్టులో ఆడింది. రెండు సందర్భాల్లోనూ మన పత్రికలూ టీవీలూ ఎంతో సంతోషించాయి. సంతోషించాల్సిందే. కానీ ఇటువంటి వార్తలన్నీ ఒకే అచ్చులో పోసినట్లు వుంటాయి. మొదట పేదరికం, తర్వాత తల్లిదండ్రుల కష్టం, ఆపైన చేయి పట్టుకున్న ఒక గురువో దాతో, చివరికి విజయం, శాలువా, ఫోటో. ఆ అమ్మాయికి ఏడాదిలో ఎన్ని నెలలు జీతం వస్తుంది? మోకాలు దెబ్బతింటే ఆపరేషను ఖర్చు ఎవరిది? ముప్ఫయ్యేళ్ళకి ఆట ఆగిపోతే ఆ తర్వాత ఏం తిని బతుకుతుంది? ఈ ప్రశ్నలకి ఆ కథల్లో చోటు వుండదు.

ఎందుకు వుండదంటే, వాటిని అడిగితే కథ స్వరూపమే మారిపోతుంది కాబట్టి. అప్పుడది ఒక అదృష్టవంతురాలైన పేదపిల్ల కథగా మిగలదు. ఒక కార్మికురాలి కథ అవుతుంది. కార్మికురాలి కథలో యజమాని వుంటాడు, ఒప్పందం వుంటుంది, పని గంటలు వుంటాయి, ఎగ్గొట్టిన కూలీ వుంటుంది. శాలువాతో తీరే బాకీలు కావవి.

ఈ వ్యాసం చెప్పదలుచుకున్నది ఒకటే. స్త్రీ ఫుట్‌బాల్ ఆడి బతకాలనుకుంటే అది వృత్తి. వృత్తి అన్నాక హక్కులుండాలి. ఆ హక్కులు లేకుండా కరువు సీమ ఆడపిల్లల్ని మైదానంలోకి రమ్మని పిలవడం వాళ్ళ యవ్వనాన్ని ఉచితంగా వాడుకోవడమే.

మధ్య వరుసలో పని

ఫుట్‌బాల్‌లో మిడ్‌ఫీల్డర్ అంటే మధ్య వరుసలో ఆడే మనిషి. వెనక వరుసకి సాయంగా దిగి ఎదుటివాళ్ళ కాళ్ళ దగ్గర బంతి లాక్కోవాలి, ముందు వరుసకి అందించాలి, మళ్ళీ వెనక్కి పరిగెత్తాలి. తొంభై నిమిషాల ఆటలో పది కిలోమీటర్ల దాకా పరుగు వుంటుంది. చివరికి బోర్డు మీద రాసేది గోలు కొట్టినవాళ్ళ పేరు. మధ్య వరుస లేనిదే ఆ గోలు పడదని ఆట తెలిసినవాళ్ళకి తెలుసు. లెక్క రాసేవాళ్ళకి మాత్రం అది కనిపించదు.

ఇది మనకి కొత్త సంగతి కాదు. అనంతపురం చేలల్లో వేరుశనగ విత్తనాలు వొలిచేది, కలుపు తీసేది, కాయ కోసేది ఎక్కువగా స్త్రీలే. పట్టాదారు పాసుపుస్తకంలో పేరు మగవాడిది. మార్కెట్ యార్డులో డబ్బు తీసుకునేదీ అతనే. అప్పు పుట్టేటప్పుడూ, నష్టపరిహారం వచ్చేటప్పుడూ రైతు అంటే మగవాడే. స్త్రీ చేసేది 'సాయం'. స్త్రీ శ్రమని లెక్కలోకి రానివ్వని ఈ పద్ధతే మైదానంలోకీ నడిచి వెళ్ళింది. మగవాడు ఆడితే వృత్తి, స్త్రీ ఆడితే సరదా, ఇంకా గట్టిగా అంటే 'సాధికారత'.

ఓయినామ్ బెంబెం దేవి జీవితం చూడండి. మణిపూర్‌కి చెందిన ఈమె భారత జట్టులో మిడ్‌ఫీల్డర్. 1995లో పదిహేనేళ్ళ వయసులో దేశం తరఫున ఆడడం మొదలుపెట్టింది. 2016లో అంతర్జాతీయ ఆట నుంచి తప్పుకుంది. అంటే దాదాపు 21 ఏళ్ళు. దేశంలో స్త్రీలకు జాతీయ స్థాయి లీగ్ ఎప్పుడొచ్చింది? మొదటి లీగ్ తుది పోటీలు 2017 ఆరంభంలో ఢిల్లీలో జరిగాయి. ఒక మనిషి దేశానికి ఆడిన కాలమంతా గడిచిపోయాక ఆమె వృత్తికి చోటు ఏర్పడిందన్నమాట. 2014లో క్లబ్ జట్టులో ఆడడానికి మాల్దీవులకి వెళ్ళాల్సివచ్చింది. 2017లో అర్జున, 2020లో పద్మశ్రీ ఇచ్చారు. బిరుదులు ఇచ్చారు, బాగుంది. కానీ ఆమెని నిలబెట్టింది మణిపూర్ పోలీసు శాఖలో ఉద్యోగం.

2025 జులై 5న థాయ్‌లాండ్‌లోని చియాంగ్ మాయ్‌లో భారత స్త్రీల జట్టు థాయ్‌లాండ్‌ని 2-1తో ఓడించింది. అర్హత పోటీల్లో గెలిచి ఆసియా కప్‌కి వెళ్ళడం మన జట్టుకి అదే మొదటిసారి. ఆ రెండు గోళ్ళూ కొట్టింది సంగీతా బాస్‌ఫోర్, ఆమె కూడా మిడ్‌ఫీల్డరే. ఆమెకున్న ఉద్యోగం సశస్త్ర సీమా బల్‌లో. ఈ ఇద్దరి విషయంలో సామాన్యంగా వున్నదేమిటి? ఆట పెట్టలేని అన్నాన్ని యూనిఫారం పెట్టింది.

పోలీసు ఉద్యోగం ఎవరికి దొరికింది?

తెలుగు నేలకి ఫుట్‌బాల్ చరిత్ర లేదని ఎవరూ అనలేరు. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్ళు రోవర్స్ కప్ గెలిచింది హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు. ఆ జట్టుకి శిక్షణ ఇచ్చిన సయ్యద్ అబ్దుల్ రహీం భారత జట్టుకీ కోచ్. ఆయన హయాంలో మన దేశం 1951లోనూ 1962లోనూ ఆసియా క్రీడల్లో బంగారు పతకాలు సాధించింది. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. హైదరాబాద్ గల్లీల్లో పుట్టిన పేదింటి కుర్రవాళ్ళు ఎందరో ఆ దారిన పైకొచ్చారు.

ఆ గొప్పతనం గురించి పుస్తకాలు వచ్చాయి, హిందీలో సినిమా వచ్చింది. ఆ జట్టు పేరులోనే వున్న ఒక సంగతిని మాత్రం ఎవరూ పట్టించుకోరు. అది పోలీసు జట్టు. ఆ కుర్రవాళ్ళకి ప్రభుత్వోద్యోగం వుంది, నెల జీతం వుంది, ఆట ఆగాక పింఛను వుంది. రహీం గారి ప్రతిభ ఎంత గొప్పదైనా, ఆయన శిష్యులు రేపటి అన్నం గురించి బెంగ లేకుండా సాధన చేయగలిగారంటే దానికి ఈ ఏర్పాటు కారణం. ప్రతిభ గాల్లో బతకదు.

స్త్రీల ఫుట్‌బాల్ సమాఖ్య మన దేశంలో 1975లో ఏర్పడింది. అప్పటి నుంచీ స్త్రీలు ఆడుతూనే వున్నారు. 1980లో కాలికట్‌లో జరిగిన ఆసియా పోటీల్లో మన జట్టు రెండో స్థానంలో నిలిచింది, 1983లోనూ అంతే. ఆ రోజుల్లో ఆసియాలో రెండో స్థానం అంటే మాటలు కాదు. ఆ తర్వాత ఏమైంది? స్త్రీల సమాఖ్య మగవాళ్ళ సమాఖ్యలో కలిసిపోయింది. స్త్రీల ఆటకి వేరే ఇల్లు లేకుండా పోయింది, వున్న ఇంట్లో పీట దొరకలేదు. 2009 నాటికి ఏణ్ణర్ధం పాటు ఒక్క అంతర్జాతీయ పోటీ కూడా ఆడించకపోవడంతో మన జట్టు పేరు ప్రపంచ ర్యాంకుల పట్టిక నుంచే తొలగిపోయింది. ఓడిపోయి పోలేదు. ఆడనివ్వక పోయింది.

హైదరాబాద్ పోలీసు జట్టు లాంటిది ఒక్క స్త్రీల జట్టు తెలుగు నేల మీద ఆ రోజుల్లోనే పుట్టి వుంటే, 1980 నాటి రెండో స్థానం ఎక్కడిదాకా వెళ్ళేదో ఊహించండి. రాజ్యం తలచుకుంటే ఆటగాళ్ళని ఎలా తయారుచేయగలదో హైదరాబాద్ రుజువు చేసింది. ఎవరి కోసం తలచుకుంటుందో కూడా రుజువు చేసింది.

కరువు నేలలో ఆడపిల్ల కాలం

ఇప్పుడు అనంతపురం సంగతికి వద్దాం. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన. అదీ పడాల్సినప్పుడు పడదు. నైరుతి మేఘాలు పడమటి కొండల దగ్గరే ఖాళీ అయిపోతాయి, ఈశాన్యం ఇక్కడిదాకా రాకముందే అలిసిపోతుంది. వేరుశనగ పోతే మగవాళ్ళు బెంగుళూరుకో కేరళకో వలసపోతారు. ఇల్లు, ముసలివాళ్ళు, పశువులు, బిందెలు స్త్రీల నెత్తిన మిగులుతాయి. తల్లి కూలికి పోతే ఆ బరువు పదేళ్ళ కూతురి మీదికి దిగుతుంది.

సమాజశాస్త్రంలో మేము ఆదాయం గురించి, భూమి గురించి చాలా లెక్కలు వేస్తాం. కాలం గురించి వేసేది తక్కువ. ఆటకి అన్నిటికన్నా ముందు కావలసింది కాలం. సాయంత్రం బడి వదిలాక రెండు గంటలు మగపిల్లవాడికి దొరుకుతాయి. ఆ రెండు గంటల్లోనే అతని చెల్లెలు నీళ్ళు తెస్తుంది, పొయ్యి రాజేస్తుంది, చిన్నపిల్లల్ని ఎత్తుకుంటుంది. కాబట్టి ఆడపిల్లలకి ఆటమీద ఆసక్తి లేదని చెప్పేవాళ్ళు ముందు ఆ రెండు గంటలు ఎవరు తీసుకున్నారో చెప్పాలి. అన్న ఆడుకునే కాలం చెల్లెలి దగ్గర అప్పు తెచ్చినదే. ఆ అప్పు ఎప్పుడూ తీరదు.

రెండోది తిండి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత వుంది. రక్తం చాలని ఒంటితో పది కిలోమీటర్లు పరిగెత్తమంటే ఎలా? మగవాళ్ళు తిన్నాక మిగిలింది తినే ఇళ్ళలో మిడ్‌ఫీల్డర్లు పుట్టరు. పుట్టినా నిలవరు.

మూడోది పెళ్ళి. అదే సర్వే ప్రకారం రాష్ట్రంలో 20-24 ఏళ్ళ స్త్రీలలో 29.3 శాతం మందికి 18 నిండకుండానే పెళ్ళి అయింది. ఫుట్‌బాల్‌లో పదిహేను నుంచి ఇరవై ఏళ్ళ మధ్య వయసే ఆటని తీర్చిదిద్దేది. సరిగ్గా ఆ వయసులోనే "నిక్కర్లేసుకోని మగపిల్లోళ్ల మాదిరి ఎగిరితే రేపు ఎవుడు చేసుకుంటాడు?" అనే మాట వినబడుతుంది. ఆ మాట అన్న తల్లిని తిట్టి ప్రయోజనం లేదు. ఆట కూతురికి అన్నం పెడుతుందన్న నమ్మకం ఎవరైనా ఇచ్చారా ఆమెకి? పెళ్ళి ఒక్కటే భద్రత అని సమాజం నేర్పింది. భద్రతకి వేరే దారి చూపకుండా సంప్రదాయాన్ని మాత్రమే నిందించడం సుఖంగా బతికేవాళ్ళు చేసే పని.

దయ మీద నడిచే మైదానం

అనంతపురంలో ఆడపిల్లలకి ఆట నేర్పే ఏర్పాటు అసలు లేదా అంటే, వుంది. 1969లో ఈ జిల్లాకి వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ స్థాపించిన ఆర్.డి.టి. సంస్థకు అనంతపురంలో క్రీడా గ్రామం వుంది. పచ్చిక మైదానాలు, శిక్షకులు, ఫుట్‌బాల్, హాకీ, క్రికెట్ అన్నీ వున్నాయి. అక్కడ 2010లో రఫెల్ నాదల్ పేరున టెన్నిస్ బడి మొదలైంది. 2024 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీ క్రికెట్ మ్యాచ్‌లూ అక్కడే జరిగాయి. దళిత, వెనకబడిన కులాల పిల్లలు, కూలీల పిల్లలు బూట్లు వేసుకుని పచ్చిక మీద అడుగుపెట్టారంటే ఆ సంస్థ చేసిన పని చిన్నది కాదు. దాన్ని తక్కువ చేసే ఉద్దేశం నాకు లేదు.

కానీ 2025లో ఏం జరిగింది? ఆ సంస్థకి విదేశీ విరాళాల అనుమతి పునరుద్ధరించే విషయంలో చిక్కు వచ్చింది. ఆసుపత్రులు, బడులు, మైదానాలు ఏమవుతాయోనని జిల్లాలో జనం రోడ్డెక్కారు. ఆ సందర్భం మనకొక నిజాన్ని చూపించింది. ఎక్కడో ఢిల్లీలో ఒక కాగితం మీద సంతకం ఆగితే ఇక్కడ ఆడపిల్ల ఆట ఆగిపోయే స్థితి వుంది. సంస్థ ఎంత మంచిదైనా దానం దానమే. దాత ఇష్టం మీద, దాత శక్తి మీద, దాతకి దొరికే అనుమతి మీద అది ఆధారపడుతుంది. హక్కు అలా వుండదు. రాజ్యం తన బాధ్యతని ఒక సంస్థ భుజాల మీద పెట్టి, తర్వాత ఆ సంస్థ మెడ పట్టుకుంటే, మధ్యలో నలిగేది మైదానంలో వున్న పిల్లలు.

అనూష ఊరు బండ్లపల్లికి ఇంకొక చరిత్ర కూడా వుంది. 2006 ఫిబ్రవరి 2న ప్రధాని మన్మోహన్ సింగ్ గ్రామీణ ఉపాధి హామీ పథకాన్ని ప్రారంభించింది ఆ ఊళ్ళోనే. 2025 డిసెంబరులో ఆ చట్టం స్థానంలో పార్లమెంటు వేరే చట్టం తెచ్చింది, అది వేరే చర్చ. కానీ ఆనాటి చట్టం ఒక గొప్ప మాట చెప్పింది. పని అడగడం అడుక్కోవడం కాదు, హక్కు అంది. ఆడకూలీకి మగకూలీకి ఒకే రేటు అంది. మస్టరులో పేరుండాలంది. ఆ మస్టరు కోసం, ఎగ్గొట్టిన కూలీ కోసం స్త్రీలు మండలాఫీసుల ముందు ఎన్నిసార్లు కూర్చున్నారో మనకి తెలుసు. చెరువు పూడిక తీసే తల్లికి మస్టరు వుంటే, అదే ఊరి నుంచి దేశానికి ఆడబోయే కూతురికి ఎందుకుండకూడదు?

"చూసేవాళ్ళు లేరు" అనే వాదన

స్త్రీల ఆటకి జీతాల మాట ఎత్తగానే ఒక జవాబు సిద్ధంగా వుంటుంది. చూసేవాళ్ళు లేరు, టిక్కెట్లు తెగవు, డబ్బు ఎక్కడినుంచి తెస్తాం అని. ఇది సహజమైన మార్కెట్ న్యాయంలా వినిపిస్తుంది. చరిత్ర చూస్తే కాదని తెలుస్తుంది.

1920 డిసెంబరు 26న ఇంగ్లండులోని లివర్‌పూల్‌లో గుడిసన్ పార్క్ మైదానంలో స్త్రీల మ్యాచ్ జరిగింది. ఆడింది డిక్, కెర్ కంపెనీ ఫ్యాక్టరీలో పనిచేసే కార్మిక స్త్రీల జట్టు. చూడడానికి 53 వేలమంది వచ్చారు. ఏడాది తిరక్కుండా, 1921 డిసెంబరు 5న, ఇంగ్లండు ఫుట్‌బాల్ సంఘం తన క్లబ్బుల మైదానాల్లో స్త్రీలు ఆడకూడదని నిషేధించింది. ఆట స్త్రీల శరీరానికి తగదన్నారు. ఆ నిషేధం ఎత్తెయ్యడానికి సుమారు యాభై ఏళ్ళు పట్టింది. ప్రేక్షకులు లేక ఆట ఆగలేదు. ఆటని ఆపేస్తే ప్రేక్షకులు పోయారు. తర్వాత అదే ఖాళీ స్టేడియాన్ని చూపించి చూశారా, ఎవరూ రారు అన్నారు.

మన దగ్గర నిషేధం రాతపూర్వకంగా లేదు, అవసరం రాలేదు. పోటీలు పెట్టకపోతే చాలు. పెట్టినా మిట్టమధ్యాహ్నం ఎండలో, టీవీలో చూపించకుండా పెడితే చాలు. 2024-25 జాతీయ లీగ్‌లో 8 జట్లు ఆడాయి. కలకత్తా నుంచి రెండు, ఒడిశా నుంచి రెండు, కేరళ, తమిళనాడు, బెంగుళూరు, ఢిల్లీ నుంచి ఒక్కొక్కటి. తెలుగు రాష్ట్రాల నుంచి ఒక్కటీ లేదు. అనంతపురం పిల్లకి దగ్గరలో వున్న క్లబ్ రెండు వందల కిలోమీటర్ల అవతల బెంగుళూరులో వుంది. ఆ ఏడు లీగ్ గెలిచిన ఈస్ట్ బెంగాల్ జట్టులో మన సౌమ్య వుంది. ఆమె నిజామాబాద్ నుంచి కేరళలోని గోకులం క్లబ్‌కి, 2022లో క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్‌కి, ఆ తర్వాత కలకత్తాకి వెళ్ళింది. దీన్ని పైకి ఎదగడం అంటాం. నిజమే, కానీ ఇది వలస కూడా. పని దొరికే చోటుకి పనిమనిషి వెళ్ళడం. గల్ఫ్‌కి పోయే నిజామాబాద్‌కీ, బెంగుళూరుకి పోయే అనంతపురానికీ ఈ మాట కొత్త కాదు.

ఒప్పందం, గాయం, గర్భం

2023లో ఫుట్‌బాల్ సమాఖ్య ఒక మంచి నిర్ణయం తీసుకుంది. లీగ్‌లో ఆడే ప్రతి క్లబ్ కనీసం 10 మంది భారతీయ క్రీడాకారిణులకి ఏడాదికి కనీసం 3.2 లక్షల రూపాయలు ఇచ్చే ఒప్పందం చేసుకోవాలంది. నెలకి పంచితే 26 వేల పైచిలుకు. అంతవరకు ముందడుగే. ఇప్పుడు లెక్క వేయండి. 8 క్లబ్బులు, క్లబ్‌కి 10 మంది అంటే 80 మంది. ఇంత పెద్ద దేశంలో ఫుట్‌బాల్ ఆడి బతుకుతానని కనీస హామీతో చెప్పగలిగే స్త్రీలు 80 మంది! జట్టులో పదకొండో అమ్మాయి సంగతేమిటి? క్రింది స్థాయి లీగ్‌లో ఆడేవాళ్ళ సంగతేమిటి? 2024-25 లీగ్‌లో ఒక్కో జట్టు ఆడింది 14 మ్యాచ్‌లు, జనవరి నుంచి ఏప్రిల్ దాకా. మిగిలిన ఎనిమిది నెలలు ఒంటిని ఆటకి సిద్ధంగా వుంచుకోవడం కూడా పనే. దానికి తిండి, విశ్రాంతి, వైద్యం కావాలి. కౌలు రైతుకి పంట నెలల్లోనే ఆకలి వేస్తుందా?

ఇక గర్భం. ఐస్‌లాండ్‌కి చెందిన సారా బ్యోర్క్ గున్నార్స్‌దొత్తిర్ ప్రపంచంలో పేరున్న మిడ్‌ఫీల్డర్. 2021లో ఫ్రాన్సులోని లియాన్ క్లబ్‌లో వుండగా ఆమె గర్భవతి అయింది. క్లబ్ పూర్తి జీతం ఇవ్వలేదు. అంతర్జాతీయ ఫుట్‌బాల్ సంస్థ ఫీఫా 2021 జనవరి నుంచి ప్రసూతి నిబంధనలు తెచ్చింది. కనీసం 14 వారాల సెలవు, కనీసం మూడింట రెండు వంతుల జీతం ఇవ్వాలి, గర్భం కారణంగా తొలగించకూడదు. వాటి ఆధారంగా ఆమె పోరాడింది. 2022లో ట్రిబ్యునల్ ఆమెకి 82 వేల యూరోలకి పైగా బాకీ చెల్లించమని తీర్పు ఇచ్చింది. అంత పేరున్న మనిషి, అంత సంపన్నమైన క్లబ్, అయినా యూనియన్ అండతో కొట్లాడితే తప్ప రాలేదు.

మన దేశంలో 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టం 2017 సవరణతో 26 వారాల సెలవు ఇచ్చింది. 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతి కూడా దాన్ని నిలుపుకుంది. షరతు ఏమిటంటే, కాన్పుకి ముందు పన్నెండు నెలల్లో కనీసం 80 రోజులు ఆ యజమాని దగ్గర పనిచేసి వుండాలి. మూడు నాలుగు నెలల ఒప్పందం మీద క్లబ్ మారి క్లబ్‌కి తిరిగే క్రీడాకారిణికి యజమాని ఎవరు? ఆమెని ఉద్యోగి అని ఏ కాగితం చెబుతుంది? గర్భం వస్తే ఆమె చేతిలో వుండే హక్కు ఒక్కటే, ఇంటికి వెళ్ళిపోయే హక్కు. మనవాళ్ళు దాన్ని రిటైర్మెంట్ అంటారు. పెళ్ళయ్యాక ఆట మానేసింది అని ఎంత తేలిగ్గా రాస్తారు! ఉద్యోగంలోంచి తీసేశారు అని రాయరు.

మైదానమూ పని స్థలమే

2013 నాటి లైంగిక వేధింపుల నిరోధక చట్టం పని స్థలాన్ని నిర్వచించినప్పుడు స్టేడియాన్ని, క్రీడా సంస్థని, శిక్షణ శిబిరాన్ని, పోటీ జరిగే ఆవరణని స్పష్టంగా చేర్చింది. అంటే చట్టం దృష్టిలో మైదానం పని స్థలమే. అంతర్గత కమిటీ లేని చోట జిల్లాలో స్థానిక కమిటీ వుండాలి, అక్కడ ఫిర్యాదు చేయవచ్చు. ఎన్ని క్రీడా హాస్టళ్ళ గోడల మీద ఈ సంగతి రాసి వుంది? పదహారేళ్ళ పిల్లని జట్టులోకి తీసుకోవాలో వద్దో నిర్ణయించేది కోచ్. రైలు టిక్కెట్టు ఆయన చేతిలో, పాసుపోర్టు ఆయన చేతిలో, భవిష్యత్తు ఆయన చేతిలో. ఇంత అధికారం ఒక్కడి చేతిలో పెట్టి, పిల్లని ధైర్యంగా చెప్పమనడం క్రూరత్వం.

2022లో నార్వే పర్యటనలో వున్న మన 17 ఏళ్ళ లోపు ఆడపిల్లల జట్టు సహాయ కోచ్‌ని, లైంగిక దుష్ప్రవర్తన ఆరోపణల మీద ఇంటికి పంపి తొలగించారు. 2023లో ఢిల్లీలో కుస్తీ క్రీడాకారిణులు జంతర్ మంతర్ దగ్గర నేల మీద కూర్చోవాల్సివచ్చింది. ప్రపంచ పోటీల్లో పతకాలు తెచ్చిన వాళ్ళకే ఆ గతి పడితే, ఊళ్ళో మైదానంలో అడుగుపెట్టిన పిల్ల ఎవరికి చెప్పుకుంటుంది?

వేధింపు ఒక్కటే కాదు, అధికారం ఎవరి చేతుల్లో వుందన్నది అసలు ప్రశ్న. 2022 ఆగస్టులో ఫీఫా మన సమాఖ్యని సస్పెండ్ చేసింది. పరిపాలనలో జరిగిన గందరగోళం దానికి కారణం. అప్పటికే గోకులం స్త్రీల జట్టు ఆసియా క్లబ్ పోటీల కోసం తాష్కెంట్ చేరుకుని వుంది. ఆడకుండానే తిరిగి రావాల్సివచ్చింది. కుర్చీల తగాదా పెద్దమనుషులది, కూలీ పోయింది స్త్రీలకి. 2025లో పార్లమెంటు చేసిన జాతీయ క్రీడా పరిపాలన చట్టం ప్రకారం క్రీడా సమాఖ్యల కార్యవర్గంలో కనీసం నలుగురు స్త్రీలుండాలి. పదిహేను మందిలో నలుగురు. అదీ ఏ మంత్రిగారి కోడలో, ఏ అధికారి భార్యో కాకుండా ఆడినవాళ్ళే వచ్చేలా చూసుకోవలసిన పని మనది.

మనలోనూ వినిపించే సందేహం

స్త్రీల సంఘాల్లో పనిచేసే మిత్రులు కొందరు అడుగుతారు. తాగడానికి నీళ్ళు లేని చోట, వరకట్న చావులు జరుగుతున్న చోట ఫుట్‌బాల్ గురించి మాట్లాడడం ఏం న్యాయం అని. 1992లో దూబగుంట స్త్రీలు సారా దుకాణాలకి అడ్డం పడినప్పుడు కూడా ఇంతకన్నా పెద్ద సమస్యలు లేవా అన్నవాళ్ళున్నారు. ఏది పెద్దదో ఏది చిన్నదో నిర్ణయించే పనిని అనుభవించేవాళ్ళకి వదిలేయడం మనం ఉద్యమంలో నేర్చుకున్న మొదటి పాఠం.

అదీకాక ఇవి వేరువేరు సమస్యలు కావు. బిందె మోసే గంటలు తగ్గితేనే ఆట. కడుపు నిండితేనే ఆట. పద్దెనిమిది నిండేదాకా పెళ్ళి ఆగితేనే ఆట. ఒంటి మీద చేయి వేసినవాణ్ణి నిలదీయగలిగితేనే ఆట. ఒక ఊళ్ళో ఆడపిల్ల ఇరవై అయిదేళ్ళ వయసులో ఇంకా ఫుట్‌బాల్ ఆడుతూ వుందీ అంటే, ఆ ఊళ్ళో చాలా హక్కులు ముందే గెలిచి వుండాలి. అందుకే ఆట చిన్న విషయం కాదు.

మన డిమాండ్లు

1. లీగ్‌లో ఆడే ప్రతి క్రీడాకారిణికీ పన్నెండు నెలల లిఖిత ఒప్పందం ఇవ్వాలి. ఆమెకి అర్థమయ్యే భాషలో దాని ప్రతి ఆమె చేతికి అందాలి.

2. గాయాలకి వైద్యం, కోలుకునే కాలంలో జీతం, బీమా యజమాని బాధ్యతగా వుండాలి. ఫీఫా ప్రసూతి నిబంధనలు మన క్లబ్బులన్నిటిలో అమలు కావాలి. క్లబ్ మారినా పనిదినాలు కలిపి లెక్కించాలి.

3. క్రీడా కోటాని 2 నుంచి 3 శాతానికి పెంచుతామని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024లో ప్రకటించింది. అందులో సగం స్త్రీలకి, అందులోనూ జట్టు ఆటలకి తగిన వాటా వుండాలి. రెండు తెలుగు రాష్ట్రాల పోలీసు శాఖలు స్త్రీల ఫుట్‌బాల్ జట్లు పెట్టాలి. ఒకప్పుడు మగవాళ్ళకి చేసిందే చేయమంటున్నాం.

4. అనంతపురం, శ్రీసత్యసాయి జిల్లాల్లో ప్రతి మండలంలో ఆడపిల్లల కోసం ప్రభుత్వ మైదానం, స్త్రీ శిక్షకురాలు, మరుగుదొడ్డి, మంచినీళ్ళు, చీకటి పడ్డాక ఇంటికి చేర్చే బస్సు వుండాలి. ఆడే పిల్లలకి రోజూ గుడ్డు, పాలు, రక్తహీనత పరీక్షలు వుండాలి.

5. ప్రతి క్రీడా సంస్థలో లైంగిక వేధింపుల ఫిర్యాదు కమిటీ, బయటి సభ్యురాలితో సహా, పనిచేస్తూ వుండాలి. ఆ సభ్యుల పేర్లు, ఫోన్ నంబర్లు హాస్టల్ గోడ మీద తెలుగులో రాసి వుండాలి.

6. క్రీడాకారిణులు సంఘం పెట్టుకునే హక్కుని సమాఖ్యలు గుర్తించాలి. సంఘంలో చేరినందుకు జట్టులోంచి తీసేయడాన్ని నేరంగా చూడాలి.

వీటిలో మొదటి పని మన చేతుల్లోనే వుంది. ప్రతి జిల్లాలోని మన సభ్యులు ఈ మూడు నెలల్లో దగ్గర్లోని క్రీడా హాస్టల్‌కి ఒకసారి వెళ్ళండి. ఫిర్యాదు కమిటీ వుందా అని అడగండి. వుంటే సభ్యులెవరో రాసుకోండి. లేకపోతే జిల్లా కలెక్టరుకి అర్జీ పెట్టండి, రశీదు తీసుకోండి. ఆ పిల్లలతో కూర్చుని మాట్లాడండి, ముఖ్యంగా ఆట మానేసి వెళ్ళిపోయిన వాళ్ళ ఇళ్ళకి వెళ్ళి ఎందుకు మానేశారో అడగండి. గెలిచినవాళ్ళ గురించి పత్రికలు రాస్తూనే వుంటాయి. మానేసినవాళ్ళ లెక్క మనం రాయకపోతే ఇంకెవరూ రాయరు.